గోడకు ఐదు మీటర్ల ముందు

ఆవిడ పేరు నేనెప్పుడూ పలకలేదు. నా పేరు ఆవిడ పలకలేదు. ఆవిడకి నేను "ఇండియా", నాకు ఆవిడ "రష్యా". మా క్లబ్బులో ఇండియా నుంచి వచ్చిన ఆడవాళ్ళం చాలామందిమే ఉన్నాం. అయినా "ఇండియా!" అని ఆవిడ కేక పడిందంటే అది నాకేనని ఈతకొలను గట్టు మీద ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మిగతావాళ్ళు తల కూడా తిప్పేవారు కాదు. దాని దుంప తెగ, ఏ జన్మలోదో పగ తీర్చుకుంటున్నట్టు అరిచేది.

క్లబ్బు దోహా పక్కన అల్ వుకైర్‌లో ఉంది. ఆడవాళ్ళకీ చిన్నపిల్లలకీ మాత్రమే. నేను అక్కడ పూల్ అటెండెంటుని. పేరు గొప్పగా ఉంటుంది గానీ పని తెలిసిందే: గట్టు కడగడం, ఎవరూ జారిపడకుండా నీళ్ళు లాగెయ్యడం, తడి తువ్వాళ్ళు ఎత్తడం, నీళ్ళలో వరసల్ని విడదీసే తాళ్ళు బిగించడం. దోహా వచ్చిన కొత్తలో ముఐథర్‌లో ఒక ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయి నా అవసరం తీరిపోయాక ఒక క్లీనింగ్ కంపెనీకి మారాను. నీళ్ళంటే భయం ఉందా అని కంపెనీ వాళ్ళు అడిగారు. కోనసీమలో పుట్టినదాన్ని పట్టుకుని ఆ ప్రశ్న! లేదన్నాను. ఇక్కడికి పంపారు.

నా పనుల్లో ఒకటి జెండాలు కట్టడం. మా గొడవంతా దాని దగ్గరే మొదలైంది కాబట్టి దాని సంగతి చెప్పాలి. వెల్లకిలా ఈదేవాళ్ళకి పైకప్పు తప్ప ఏమీ కనపడదు. గోడ ఎక్కడుందో తెలీదు. అందుకని గోడకి ఐదు మీటర్ల ముందు, నీళ్ళకి అడ్డంగా, తలకి పైన, చిన్న చిన్న జెండాల తాడు ఒకటి కడతారు. పెళ్ళిపందిట్లో కట్టే రంగు కాగితాల తోరణంలాగే ఉంటుంది. ఆ తోరణం కళ్ళ మీదుగా వెళ్ళిపోయిందంటే ఇంకెన్ని బారలు వేస్తే చెయ్యి గోడకి తగులుతుందో ఈదేవాళ్ళకి లెక్క ఉంటుంది. తోరణం సరైన చోట లేదనుకోండి, చెయ్యికి బదులు తల తగులుతుంది. మధ్యాహ్నం ఆడవాళ్ళ వ్యాయామాలూ పిల్లల పుట్టినరోజు ఆటలూ ఉంటాయి, బంతి విసిరితే తోరణానికి తగులుతుంది. అందుకని స్తంభాలు అక్కడే ఉంచి తాళ్ళు మాత్రం విప్పేసి, మర్నాడు పొద్దున్న మళ్ళీ కట్టాలి. ఆడవాళ్ళ వేళ మొదలయ్యాక మగవాళ్ళు లోపలికి రాకూడదు గనక ఆ పని నా మీద పడింది.

ఆవిడ కోచ్‌గా వచ్చిన మొదటి రోజు. గట్టు మీద నిలబడి పైకి చూసింది. సంచిలోంచి ఒక టేపు తీసి, దాని కొసని కాలి బొటనవేలితో తొక్కిపెట్టి, కూర్చుని లేచి నానా తిప్పలూ పడి కొలిచింది. జానెడు తేడా ఉందట. ఎవర్నీ ఏమీ అడగలేదు. కత్తెర తీసింది. నేను కట్టిన ముడిని టక్కున కత్తిరించేసింది. తోరణం నీళ్ళలో పడింది. "ఇండియా! నో గుడ్!"

అది మా నాన్న పడవ కట్టే ముడి. ఎంత లాగితే అంత బిగుస్తుంది, ఒక్క కొస పట్టుకుని లాగితే విడిపోతుంది. విప్పమంటే చిటికెలో విప్పేదాన్ని. కత్తిరించడం ఏమిటి? అందరి ముందూ నీళ్ళలోకి దిగి ఆ జెండాలు ఏరుకున్నాను.

సాయంత్రం బస్సు ఎక్కాను. మా క్వార్టర్స్ అల్ మన్సూరాలో. బస్సు నడిపే తమ్ముడిది జగిత్యాల దిక్కు. మా ఆడవాళ్ళని దించి పొయ్యేదాకా అతనే మాకు పెద్దదిక్కు, రేడియో, పంచాయితీ.

"ఏందక్కా, మొఖం గట్ల వెట్టినవ్?" అన్నాడు.

"కొత్తగా ఒక మహాతల్లి దిగిందయ్యా. నా ముడి కత్తెరెట్టి కోసేసింది."

"ముడేంది, కత్తెరేంది?"

చెప్పాను. విని నవ్వాడు. "గింత దానికేనా? మునుపు సైట్ల పనిజేసేటప్పుడు ఫోర్‌మన్ నేను కట్టిన గోడనే కూలగొట్టిచ్చిండు. ఇడిసి పెట్టరాదు."

"నువ్వు విడిచిపెట్టుకో. నేను పెట్టను."

పెట్టలేదు కూడా. మర్నాటి నుంచి క్లబ్బు స్టోర్లో ఉన్న టేపుతో నేనే కొలిచి కట్టడం మొదలుపెట్టాను. వేలెడు తేడా రాకుండా కట్టేదాన్ని. ఆవిడ వచ్చి మళ్ళీ కొలిచేది. తేడా ఉండేది కాదు. ఉండదని తెలిసీ రోజూ కొలిచేది. సరిగ్గా ఉంటే ఒక్క మాట లేదు, టేపు గర్రున చుట్టేసి వెళ్ళిపోయేది. బాగుంది అనడానికి నోరు నొప్పా? నేను గట్టు తుడుస్తున్నట్టు నటిస్తూ ఆవిడ మొహమే చూసేదాన్ని, ఒక్కసారైనా ఓడిపోయినట్టు కనపడుతుందేమో అని. ఊహూ. అలాగే రెండు రంజాన్లు గడిచాయి.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. చాలావరకు మా లైఫ్‌గార్డు చెప్పింది. ఆమెది ఫిలిప్పీన్స్, ఎవరితోనైనా ఇట్టే కలిసిపోయే మనిషి. రష్యా వీడియోలు వెతికి పట్టుకుని ఫోన్లో చూపించేది. ఒక వీడియోలో ఆవిడ పదిహేనేళ్ళ పిల్ల. మెడలో పతకం, పక్కన ఇంకో ముగ్గురు, నలుగురూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని ఏడుస్తున్నారు. ఇంకో వీడియోలో పెద్దదైంది, ఇంతింత భుజాలు. వాళ్ళ ఊళ్ళో ఏడాదిలో సగం మంచేనట. ఒక ఫ్యాక్టరీ వాళ్ళ ఈతకొలనులో ఆరేళ్ళప్పుడు దింపారట. చిన్నవాళ్ళ పోటీల్లో గెలిచింది, పెద్దవాళ్ళ జట్టులోకి వచ్చింది, నలుగురు కలిసి ఈదే పందెంలో మొదటి వంతు ఎప్పుడూ ఆవిడదే. తర్వాత భుజానికి ఆపరేషన్. అది మానేసరికి అన్నిటికంటే పెద్ద ఆటలకి మనుషుల్ని ఏరే పోటీలో వెంట్రుకవాసిలో వెనకబడింది. ఇంకో నాలుగేళ్ళు ఆగింది. ఈలోపు యుద్ధం వచ్చింది, వాళ్ళ దేశం పేరుతో ఎవర్నీ ఈదనివ్వలేదు. తర్వాత కొందర్ని ఒంటరిగా, ఏ దేశం పేరూ లేకుండా రానిచ్చారు. అప్పటికే ఈవిడ ఉద్యోగం వెతుక్కుంటూ దోహా వచ్చేసింది.

"పాపం కదా?" అంది లైఫ్‌గార్డు.

"పాపం లేదు, పుణ్యం లేదు. నా ముడి కోసినప్పుడు ఏమైంది ఆ పాపం?" అన్నాను.

అయితే ఆవిడ మానలేదు. యాభై మీటర్లు, ఒక్క పొడుగు, ఊపిరి బిగబట్టి చివరిదాకా దూసుకుపోయే వెల్లకిలా ఈత, దాన్ని కూడా పెద్ద ఆటల్లో చేర్చారట. చిన్న దూరం గనక వయసు మీరినవాళ్ళకీ ఆశ ఉంటుందట. ముప్పై దాటిన మనిషి, రోజూ నేను తోరణం కట్టేసరికల్లా వచ్చి, క్లాసులు మొదలయ్యేలోపు ఒక్కతే ఈదేది. చింత చచ్చినా పులుపు చావలేదు అనుకునేదాన్ని. ఆ మాట లైఫ్‌గార్డుకి ఎలా అర్థమయ్యేలా చెప్పాలో తెలీక ఊరుకునేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ ఈత చూడ్డానికి బాగుండేది. నీళ్ళు చిందేవి కావు. అది కూడా నాకు ఒళ్ళుమంటే. ఒకరోజు మధ్యాహ్నం పూల్ ఖాళీగా ఉంటే, ఒళ్ళు చల్లబరుచుకుందామని నేను బట్టలతోనే దిగి రెండు బారలు వేశాను. మా కాలవలో వేసినట్టే. ఆవిడ ఎప్పుడొచ్చిందో, గట్టు మీద నిలబడి పగలబడి నవ్వింది. "డాగ్! డాగ్ స్విమ్మింగ్, ఇండియా!" అని చేతులు రెండూ ముందుకి ఊపి చూపించింది. ఆవిడ వెంట క్లాసుకొచ్చిన పిల్లలు కూడా నవ్వారు. వరదలో ఎదురీది గట్టెక్కిన ఈత అది. సాయంత్రం ఆవిడకి కావాలనే తడి తువ్వాలిచ్చాను.

పిల్లలకి ఆవిడ నేర్పే పద్ధతి వేరే. అరుపులు మాత్రం అవే. "కాలు! కాలు! బొజ్జ పైకి! ఏడుస్తావేం, నీళ్ళలో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది?" ఇదంతా ఇంగ్లీషు, అరబ్బీ, రష్యన్ కలిపి. అయిదారేళ్ళ పిల్లలకి తోరణం చూసి లెక్కపెట్టుకోవడం రాదు. అందుకని ఆవిడ గోడ దగ్గర గట్టు మీద బోర్లా పడుకుని, అరచెయ్యి గోడకి ఆనించి ఉంచేది. పిల్ల వెల్లకిలా వచ్చీ వచ్చీ ఆ అరచేతిలో తల దబ్బున కొట్టేది. ఒకరి తర్వాత ఒకరు. చేతి వెనకవైపు గోడకి గీసుకుని కణుపులు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. తల కాసిన వెంటనే ఆ పిల్లనే మళ్ళీ తిట్టేది. ఏం మనిషో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకసారి ఈత సమాఖ్య నుంచి ఎవరో వస్తే, వాళ్ళ ముందు నేను మామూలుగానే "రష్యా!" అని పిలిచాను. ఒంటికాలి మీద లేచింది. వాళ్ళు వెళ్ళాక నన్ను తువ్వాళ్ళ గదిలోకి తోసినంత పనిచేసింది. ఆ దేశం పేరు తన పక్కన ఎక్కడా వినపడకూడదట, వినపడితే తనని పోటీలకి రానివ్వరట, తన నోటికాడి కూడు నేను తీసేస్తున్నానట. అంతా వేలు చూపిస్తూనే. "మరి నన్ను ఇండియా అని ఎందుకంటావ్?" అన్నాను. తువ్వాళ్ళ దొంతర నా చేతిలో పడేసి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పైవాళ్ళ ముందు పిలవడం మానేశాను. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం మానలేదు.

చివరికి ఆవిడకి ఒక అవకాశం వచ్చింది. బయటి దేశంలో ఒక పెద్ద పోటీకి, ఏ దేశం పేరూ లేని మనిషిగా ఆవిడ పేరు తీసుకుంటామన్నారు. కానీ గడువులోపు, అధికారుల ముందు, వాళ్ళడిగిన టైములో యాభై మీటర్లు ఈది చూపించాలి. అదే ఆఖరు. మా క్లబ్బు ఒప్పుకుంది. ఆడవాళ్ళ వేళలోనే, ఇద్దరు ఆడ అధికారులు గడియారాలు పట్టుకుని వస్తారు. ఆ వారమంతా ఆవిడ నాతో ఒక్కసారి కూడా గొడవ పెట్టుకోలేదు. నాకు అదే భయం వేసింది.

మా పూల్‌కి నడుమ ఒక కదిలే గోడ ఉంటుంది. మీటరు మందం, పైన మనిషి నడవచ్చు. మామూలుగా అది మధ్యలో ఉండి కొలనుని రెండు ముక్కలు చేస్తుంది, ఒక ముక్క పెద్దవాళ్ళకి, ఒకటి పిల్లలకి. యాభై మీటర్లు కావాలంటే దాన్ని అవతలి కొస దాకా నెట్టాలి. అప్పుడు పూల్ అసలు గోడ వెనకబడిపోయి, ఈ కదిలే గోడే చివర అవుతుంది. అంటే తోరణం స్తంభాలు కూడా మీటరు ఇవతలికి మార్చాలి. దానికి గట్టు మీద వేరే రంధ్రాలు ఉన్నాయి.

గోడ నెట్టేది మెయింటెనెన్సు మగవాళ్ళు. వాళ్ళు తెల్లారేసరికి రావాలి, ఆలస్యంగా వచ్చారు. మగవాళ్ళు లోపలుంటే ఆడ స్టాఫ్ బయట ఆగాలి, అది రూలు. నేను బకెట్టు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. లోపల వాళ్ళ సూపర్‌వైజర్ "యల్లా, యల్లా" అని తొందరపెట్టడం వినపడుతోంది. ఆవిడ పక్క గదిలో ఉన్న పిల్లల చిన్న కొలనులో ఒళ్ళు వేడి చేసుకుంటోంది. మగవాళ్ళు వెళ్ళిపోయేసరికి అధికారులు గుమ్మంలో ఉన్నారు. నేను లోపలికి పరిగెత్తాను. చూస్తే రెండు చివరలా తోరణాలు కట్టేసి ఉన్నాయి. మా పని తేలిక చేద్దామనుకున్నారో ఏమో, మహానుభావులు! దగ్గర చివరది వదులుగా వేలాడుతుంటే విప్పి మళ్ళీ కట్టాను. అవతలి చివరకి వెళ్దామంటే మేనేజరమ్మ ఆపేసింది. అధికారులకి కుర్చీలన్నది, నీళ్ళన్నది, తువ్వాళ్ళన్నది. అన్నీ అయ్యాక, "అవతల గట్టంతా తడిగా ఉంది, వాళ్ళు జారిపడతారు, పో" అని నీళ్ళు లాగే కర్ర చేతికిచ్చింది.

నేను అవతలి చివరకి చేరేసరికి ఈల వేశారు. అధికారులిద్దరూ నాకు కొంచెం పక్కగా, గడియారాలు పైకెత్తి ఉన్నారు. రెండో చివర ఆవిడ నీళ్ళలో, గోడకి కాళ్ళు తన్నిపెట్టి, ముడుచుకుని ఉంది. నేను తల ఎత్తి తోరణం చూశాను, అలవాటు కొద్దీ. ముడి నాది కాదు. ప్లాస్టిక్ పట్టీతో బిగించి ఉంది. సరే, మగవాళ్ళు కట్టారు గదా అనుకున్నాను. బజర్ మోగింది. అప్పుడు చూశాను స్తంభం వంక. రోజూ ఉండే రంధ్రంలోనే ఉంది. మార్చలేదు.

ఓరి నాయనో! తాడు కట్టారు గానీ స్తంభాలు కదపలేదు. ఐదు మీటర్లు ఉండాల్సింది నాలుగే ఉంది.

అరిచాను. "ఆగు! రష్యా, ఆగు!" అని గొంతు చించుకున్నాను. చెవులు నీళ్ళలో ఉన్న మనిషికి ఏం వినపడుతుంది? అధికారిణి ఒకామె నావైపు చిరాగ్గా చూసి నోటి మీద వేలు పెట్టుకుంది. ఆవిడ వస్తోంది. అంత వేగంగా ఎప్పుడూ రాలేదు, అది నాకు కూడా తెలుస్తోంది. తోరణం కిందకి వచ్చింది, ఊపు ఇంకా పెంచింది. అక్కడి నుంచి గోడ ఎంతలో ఉందో తన ఒంటికి తెలుసని నమ్మకం. కర్ర పారేసి కదిలే గోడ మీద బోర్లా పడ్డాను. పిల్లలకి ఆవిడ పెట్టినట్టే అరచెయ్యి గోడకి ఆనించాను.

తల వచ్చి గుద్దింది. ఆ చప్పుడు నా వేళ్ళదే. రెండు వేళ్ళు చితికాయి. ఆవిడ చెయ్యి కూడా అదే క్షణంలో పక్కన గోడకి తగిలింది. గడియారాలు ఆగాయి.

ఆవిడ నీళ్ళలోంచి లేచి, కళ్ళద్దాలు పైకి తోసుకుని అధికారుల వైపు చూసింది. ఒకామె గడియారం తిప్పి చూపించింది. టైము సరిపోయింది. సరిపోవడం కాదు, ఇంకా మిగిలింది. ఆవిడ మొహం విచ్చుకుంది. రెండేళ్ళలో ఆ నవ్వు నేను చూడలేదు, ఆ వీడియోలో పతకం వేసుకున్న పిల్లదే ఆ నవ్వు. అప్పుడు రెండో అధికారిణి నా చెయ్యి చూపించింది. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. బయటి మనిషి ఈదేవాళ్ళని తాకింది. ఈ ఈత చెల్లదు.

నేను నొప్పితో మెలికలు తిరిగిపోతూనే స్తంభం చూపించాను, రంధ్రాలు చూపించాను. అర్థం చేసుకున్నారు. పాపం, మంచివాళ్ళే. ఒక గంట ఆగి మళ్ళీ ఈదమన్నారు. ఆ గంటలో ఆవిడ నన్ను దాటుకుని వెళ్ళింది. టేపు తెచ్చుకుని స్తంభాలు తనే మార్చుకుని, తనే కొలుచుకుంది. లైఫ్‌గార్డు నా చేతికి ఐసు కట్టింది. మేనేజరమ్మ ఆసుపత్రికి పొమ్మని అరిచింది. నేను కదల్లేదు. చూడకుండా ఎలా వెళ్తాను?

రెండోసారి ఈదింది. దూరం నుంచే తెలిసిపోయింది. ముప్పై దాటిన భుజం, ఒకే పొద్దున రెండుసార్లు అంత వేగం ఇవ్వలేదు. అధికారిణి గడియారం చూసి తల అడ్డంగా ఊపింది. కంటి రెప్పపాటు తేడా, అంతే. వాళ్ళు ఏదో చెప్పబోతే ఆవిడే చెయ్యి అడ్డం పెట్టింది. "ఖలాస్" అంది, అయిపోయిందని.

తర్వాత తడి కాళ్ళతో నా దగ్గరకి వచ్చింది. నేను కుర్చీలో ఉన్నాను. దణ్ణం పెడుతుందని నేనేమీ అనుకోలేదు. కానీ ఒక్క మాట, చెయ్యి ఎలా ఉందని ఒక్క మాట అంటుందనుకున్నాను.

"ఐ యామ్ నాట్ చైల్డ్," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆ తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో అన్నదాని అర్థం ఇదీ: తల నాది. ఇప్పటికి చాలాసార్లు పగిలింది, చాలాసార్లు అతుక్కుంది. పగిలినా నా చెయ్యి గోడకి తగిలేది, ఆ టైము నాకు ఉండేది. నిన్ను ఎవరు అడిగారు?

నాకు ఒళ్ళు తెలీలేదు. తెలుగులోనే అందుకున్నాను. "ఎవరు అడిగారా? ఎవరూ అడక్కపోతే నీ బుర్ర కొబ్బరికాయలా పగులుతుంటే చూస్తూ కూర్చోవాలా? నా వేళ్ళు చూడు, నీ తలకి తగలాల్సిన దెబ్బ ఇది! నా కర్మ కాలిపోను, నీ కోసం చెయ్యి పెట్టాను చూడు, నన్ను నేను అనుకోవాలి!" ఇంకా చాలా అన్నాను, రాయకూడనివి. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా చివరిదాకా నిలబడి విన్నది. విని వెళ్ళిపోయింది.

బస్సు తమ్ముడే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

"చెయ్యెందుకు వెట్టినవ్ అక్కా? ఆమె నీ పగామె కాదా?"

"పగదే. అయితే?"

"అయితే ఏంది, గట్ల వెట్టకపోతుంటివి."

"నువ్వైతే పెట్టకుండా ఉండేవాడివా?"

సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. "ఏమో అక్కా. నేను గూడ వెడుదునేమో. తర్వాత మస్తు తిడుదును," అన్నాడు.

వేళ్ళకి పట్టీ వేసి సెలవిచ్చారు. అల్ మన్సూరా గదిలో మంచం మీద పడుకుని రోజూ ఆవిడని తిట్టుకున్నాను, ఆ మగవాళ్ళని తిట్టుకున్నాను, నన్ను వరండాలో నిలబెట్టిన ఆ రూలుని తిట్టుకున్నాను. నన్ను నేను మాత్రం తిట్టుకోలేదు. మళ్ళీ అదే జరిగితే మళ్ళీ అదే చెయ్యి పెడతాను, ఇప్పటికీ అంటాను ఆ మాట. కానీ నీళ్ళలోంచి లేచినప్పటి ఆ నవ్వు ఒకటి కళ్ళ ముందు నుంచి పోయేది కాదు. దాని మీద కూడా కోపం వచ్చేది.

ఒక సాయంత్రం లైఫ్‌గార్డు పళ్ళు పట్టుకుని వచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, "నీకొకటి చెప్పలేదు" అంది. ఆ రోజు మగవాళ్ళు వెళ్ళాక, ఈతకి ముందు, పిల్లల కొలను గుమ్మం దగ్గర, రష్యా సంచిలోంచి టేపు తీసిందట. తీసి, తోరణాల వైపు చూసి, అవి కట్టింది ఇండియాయేనా అని అడిగిందట. రోజూ కట్టేది నేనే గనక, లోపల ఏం జరిగిందో తెలీని ఈ పిల్ల అవునందట.

"అప్పుడేమంది?"

"అయితే అక్కర్లేదు అంది. టేపు మళ్ళీ సంచిలో పెట్టేసింది."

ఆ పళ్ళు అలాగే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండేళ్ళు. ఒక్కరోజు కూడా నన్ను నమ్మలేదు ఆ మనిషి. నమ్మిన ఒక్కరోజున ఆ ముడి నాది కాదు. ఏడుపు ఆగలేదు. నా చెయ్యి నొప్పెడుతోందనుకుని లైఫ్‌గార్డు మాత్రలు వెతికింది.

పట్టీ విప్పకముందే డ్యూటీకి పోయాను. తోరణం కట్టాలి. ఒక చెయ్యి, పళ్ళు, రెండూ వాడి ఎలాగో ముడి వేశాను. పొద్దున్నే రావాల్సిన మనిషి రాలేదు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. పిల్లల క్లాసు వేళకి వచ్చింది, ఈత బట్టల్లో కాదు, మామూలు చొక్కాలో, మెడలో ఈలతో. ఆ తర్వాత ఆవిడ వెల్లకిలా ఈదగా నేను చూడలేదు.

నేరుగా తోరణం దగ్గరకి వచ్చింది. పైకి చూసింది, ముడి చూసింది. నా చెయ్యి చూసింది. సంచిలోంచి టేపు తీసింది. నాకు మండిపోయింది. ఇంకా ఏం మిగిలింది కొలవడానికి? అనబోయాను. ఆవిడ టేపు కొసని కాలి కింద పెట్టుకోలేదు. నా వైపు చాపింది.

పిల్లలు గట్టు మీద వరసగా కూర్చుని కాళ్ళు నీళ్ళలో ఆడిస్తున్నారు. నేను బాగున్న చేత్తో ఆ కొస పట్టుకుని వంగి గోడకి ఆనించాను. ఆవిడ రెండో కొసతో స్తంభం దాకా నడిచింది.

"గట్టిగా పట్టుకో, ఇండియా!" అని అక్కడి నుంచి అరిచింది.

"పట్టుకునే ఉన్నాను, నోర్మూసుకుని కొలువు," అన్నాను.